కథంతా ముందే చెప్పేయండి

‘డై హార్డ్’ చూడనివాళ్లు ఎవరైనా మీ పక్కన కూర్చుంటే సినిమా మొదలవకముందే కథంతా చెప్పేయండి. క్రిస్మస్ ముందురోజు రాత్రి లాస్ ఏంజెలెస్‌లో ఒక జపాన్ కంపెనీ భవనంలోకి దొంగల ముఠా దిగుతుందని, భార్యను కలవడానికి న్యూయార్క్ నుంచి వచ్చిన జాన్ మెక్‌క్లేన్ అనే పోలీసు లోపల చిక్కుకుంటాడని, చివరికి ముఠా నాయకుడు హాన్స్ గ్రూబర్ కిటికీలోంచి పడి చస్తాడని, పడేముందు మెక్‌క్లేన్ భార్య చేతిగడియారం పట్టుకుని వేలాడతాడని చెప్పండి. ఏదీ దాచకండి. ముందే తెలిస్తే మజా పోతుందనే మాట వినకండి. ఏమవుతుందోనన్న ఆత్రం ఉన్నంతసేపూ కన్ను కథ వెంటే పరిగెడుతుంది, తెర మీద ఉన్నదాంట్లో సగం కూడా చూడదు. రాయబారానికి వెళ్లిన కృష్ణుడు సంధి కుదర్చలేడని తెలియని మనిషి మన ఊళ్లలో ఎప్పుడూ లేడు. అయినా పద్యం పద్యానికీ వన్స్‌మోర్ కొడుతూ జనం తెల్లవార్లూ కూర్చున్నారు. 1988 నాటి ఈ అమెరికన్ సినిమాను కూడా అలాగే చూడాలి.

ఇంకో తప్పుడు సలహా. ఫైట్లు దాటేసి, ఎవరూ ఒక దెబ్బా కొట్టని మొదటి ఇరవై నిమిషాలను మళ్లీ మళ్లీ వేసుకోండి. మెక్‌క్లేన్ భార్య హోలీ ఆఫీసు గదిలోంచి ఇంటికి ఫోన్ చేస్తుంది. పాపతో మాట్లాడుతుంది. మొగుడు ఫోన్ చేశాడా అని పనావిడను అడుగుతుంది. చేయలేదు. ఫోన్ పెట్టేసి, బల్ల వెనక ఉన్న కుటుంబం ఫొటోను విసురుగా బోర్లించేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు అది పెళ్లాం కోపం, అంతే. కానీ తర్వాత అదే గదిలో హాన్స్ తిష్ఠ వేస్తాడు. తన మనుషుల్ని ఒక్కొక్కరినే చంపుతున్న మనిషి మొహం వాడికి చేతికందేంత దూరంలో, బోర్లా పడి ఉంటుంది. ఈ సంగతి తెలిసి చూస్తే ఆ గదిలో జరిగే ప్రతి సీనులోనూ చూపు ఫ్రేము మీదికే పోతుంది. హాన్స్ ఎంత మర్యాదగా మాట్లాడినా మన గుండె దడదడలాడుతూనే ఉంటుంది. చివరికి టీవీలో పిల్లల్ని చూసి వాడు ఆ ఫొటో ఎత్తుతాడు. దీనికి ఒక్క తూటా ఖర్చు కాలేదు. నా మటుకు ఈ సినిమాలోకెల్లా గొప్ప యాక్షన్ సీను అదే.

ఆ ఇరవై నిమిషాల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. హోలీ ఆఫీసులో పుట్టింటి పేరు జెన్నరో వాడటం మీద మొగుడూపెళ్లాలు కీచులాడుకుంటారు. ఆమె ఎవరో చాలాసేపు బయటపడకుండా కాపాడేది ఆ పేరే. విమానంలో పక్కసీటు ఆయన బూట్లు విప్పి కార్పెట్ మీద నడవమని సలహా ఇస్తాడు. ఆ మాట విన్న పాపానికి మెక్‌క్లేన్ రాత్రంతా చెప్పుల్లేకుండా గాజుపెంకుల మీద పరిగెత్తాలి. హోలీకి కంపెనీ బహుమతిగా ఇచ్చిన రోలెక్స్ గురించి ఆమె సహోద్యోగి ఎల్లిస్ గొప్పలు పోతాడు. క్లైమాక్స్‌లో ఏ గడియారం కొక్కెం విప్పితే హాన్స్ జారిపోతాడో, అది ఇదే. జెబ్ స్టువర్ట్, స్టీవెన్ డి సౌజా రాసిన ఈ స్క్రీన్‌ప్లేలో పొల్లు మాట కోసం వెతకడమే ఒక ఆట.

హీరోని చూడటం మానేయండి. బ్రూస్ విల్లిస్ మీద నాకూ ప్రాణమే, కానీ కనీసం ఒక్కసారి హాన్స్ వేషం వేసిన అలన్ రిక్‌మన్ కళ్లనే చూస్తూ కూర్చోండి. నాటకాల్లోంచి వచ్చిన ఈ నటుడికి నలభై దాటాక దొరికిన మొదటి సినిమా ఇది. అతను అమెరికన్ యాసలో మాట్లాడగలడని తెలిశాకే, హాన్స్ బందీలా నటిస్తూ మెక్‌క్లేన్‌కు ఎదురుపడే సీను పుట్టింది. ఇద్దరూ సిగరెట్టు కాల్చుకునే ఆ చోట హాన్స్ చూపు కిందికి, ఎదుటివాడి వట్టి పాదాల మీదికి జారుతుంది. కాసేపటికే తుపాకులు అద్దాల మీదికి తిరుగుతాయి. ఇక అతను పడిపోయే షాట్. మూడు లెక్కపెట్టాక వదులుతామని చెప్పి, అంతకంటే ముందే వదిలేశారట. ఆ మొహంలో కనిపించేది నిజం భయం.

సబ్‌టైటిల్స్ ఆపేయండి. ఇంగ్లిష్ సినిమాకు అవి లేకపోతే ఎలా అంటారు మనవాళ్లు. ఒకసారి చూసినవాళ్లకు వాటితో పనేముంది? పైగా ముఠా జర్మన్‌లో మాట్లాడుకునేది మెక్‌క్లేన్‌కూ అర్థం కాదు, మనకూ కాకూడదు. దర్శకుడు జాన్ మెక్‌టియర్నన్ కోరుకున్నది అదే. అద్దాలు కాల్చమని హాన్స్ ముందు జర్మన్‌లో అంటాడు, ముఠాలోని కార్ల్ తెల్లమొహం వేస్తాడు, మళ్లీ ఇంగ్లిష్‌లో చెబుతాడు. కింద అక్షరాలు చదువుతూ కూర్చుంటే ఆ తెల్లమొహం తప్పిపోతుంది. ఈ కార్ల్ వేషం వేసిన అలెగ్జాండర్ గొడునోవ్ బొల్షోయ్‌లో బ్యాలే నర్తకుడు, 1979లో సోవియట్ యూనియన్ వదిలి వచ్చేశాడు. కొట్లాటలో అతని కాళ్లు చూడండి.

వీలైతే సౌండ్ కూడా ఆపి కాసేపు చూడండి. షూటింగు చాలావరకు జరిగిన ఫాక్స్ ప్లాజా అప్పటికి కొత్త భవనం, పూర్తికాని అంతస్తులు ఇంకా ఉన్నాయి. కెమెరామన్ యాన్ డి బాంట్ మనకు దారి తప్పనివ్వడు. గోడకున్న అమ్మాయి పోస్టరు పక్కనుంచి మెక్‌క్లేన్ ఒకసారి పరిగెడతాడు, మళ్లీ అటే వచ్చినప్పుడు దాన్ని చూడగానే ఎక్కడున్నాడో అతనికీ తెలుస్తుంది, మనకూ తెలుస్తుంది. నాలుగైదుసార్లు చూశాక ఆ మెట్లు, లిఫ్టు గుంతలు, గాలి గొట్టాలు మన ఇంటి గదుల్లా అలవాటైపోతాయి. సౌండ్ మళ్లీ పెట్టాక మైఖేల్ కేమెన్ సంగీతం వినండి. ముఠా వెంట ముక్కలుగా తిరిగిన బీథోవెన్ తొమ్మిదో సింఫనీ, ఖజానా తలుపు తెరుచుకునేసరికి నిండుగా మోగుతుంది. దొంగలు గెలిచినందుకు మనకు ఒళ్లు పులకరిస్తుంది! అందుకు సిగ్గుపడక్కర్లేదు.

తప్పులు కనిపిస్తే దాచిపెట్టకండి, పక్కవాళ్లకు చూపించండి. ముఠా లారీలో వచ్చినప్పుడు వెనక అంబులెన్సు ఉండదు, చివర్లో పారిపోవడానికి మాత్రం అందులోంచే దిగుతుంది. ముగింపు ఖాయం కాకుండానే షూటింగు మొదలైంది, అంబులెన్సు ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. ఇంత బిగువైన అల్లిక పూర్తికాని స్క్రిప్టుతో జరిగిందంటే సినిమా మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు.

ఇన్ని అయ్యాక, తర్వాతిసారి ఆర్గైల్‌ను పట్టుకోండి. కింద పార్కింగులో కారు డ్రైవరు అతను. పైన జనం చస్తుంటే ఏమీ తెలియక పాటలు పెట్టుకుని ఫోన్లో కబుర్లు చెబుతుంటాడు. ఆ అంబులెన్సును గుద్ది ఆపేది కూడా అతనే. అతను తెర మీదికి వచ్చిన ప్రతిసారీ పై అంతస్తుల్లో ఎవరెక్కడున్నారో పక్కవాళ్లకు బిగ్గరగా చెబుతూ చూడండి.