ఐదు ఎలక్ట్రాన్ల పద్దు

నేను పొటాషియం పర్మాంగనేట్‌ను. ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటూ పుట్టినదాన్ని. పైరోలుసైట్ ఖనిజాన్ని పొటాష్ క్షారంతో కలిపి, గాలి తగిలేలా కరిగిస్తే ఆకుపచ్చని మాంగనేట్ అయ్యాను. ఆ మాంగనేట్ ద్రావణంలోకి కరెంటు పంపి మరో ఎలక్ట్రాన్ లాగేశాక ఈ ఊదారంగు వచ్చింది. నా మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య అలా 4 నుంచి 6కి, 6 నుంచి 7కి ఎక్కింది. ఆమ్లంలో అది ఒక్కసారిగా 2కు దిగుతుంది. మోర్ లవణంతో అంశమాపనం చేసేటప్పుడు నా ఒక్క అయాను 5 ఫెర్రస్ అయాన్లను ఆక్సీకరించేది అందుకే.

పరమాణువులూ ఆవేశమూ రెండువైపులా సరిపోతే సమీకరణం తుల్యమైనట్టేనంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆమ్లంలో 2 పర్మాంగనేట్ అయాన్లు, 3 హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువులు, 6 హైడ్రోజన్ అయాన్లు కలిసి 2 మాంగనస్ అయాన్లు, 4 ఆక్సిజన్ అణువులు, 6 నీటి అణువులు ఇస్తాయని రాసి చూడండి. ఆక్సిజన్ పరమాణువులు అటూ ఇటూ 14, హైడ్రోజన్ 12, ఆవేశం ధన 4. వంక పెట్టడానికేమీ లేదు, అయినా తప్పే! పర్మాంగనేట్ అయాన్లం మేమిద్దరం కలిసి 10 ఎలక్ట్రాన్లు తీసుకుంటాం. ఒక్కో పెరాక్సైడ్ ఇవ్వగలిగేది రెండే. కాబట్టి పెరాక్సైడ్లు 5 కావాలి, అప్పుడు ఆక్సిజన్ 5, నీరు 8. బీజగణితంతో తేల్చుకుందామంటే ఆరు గుణకాలకు నాలుగే సమీకరణాలు దొరుకుతాయి, జవాబులకు అంతుండదు. పై తప్పు సమీకరణం నిజం కావాలంటే ఆక్సిజన్‌లో కొంత నాలోంచే రావాలి. భార ఆక్సిజన్‌తో గుర్తుపెట్టి చేసిన ప్రయోగాల్లో ఆ వాయువంతా పెరాక్సైడ్‌దేనని తేలింది.

ఆక్సీకరణ సంఖ్యే ఒక కల్పన కదా, నాలోని మాంగనీస్ మీద నిజంగా ధన 7 ఆవేశం ఎక్కడుందని అడగవచ్చు. లేదు, నా బంధాలు చాలావరకు సమయోజనీయాలే. కానీ అర్ధచర్య పద్ధతికి ఆ సంఖ్యతో పనిలేదు. నా అయాను ఆవేశం రుణ 1, నాలోని 4 ఆక్సిజన్లు నీరు కావడానికి కావలసిన 8 హైడ్రోజన్ అయాన్లు చేరితే ఎడమవైపు ధన 7. కుడివైపు ధన 2. మధ్య తేడా 5 ఎలక్ట్రాన్లు. కల్పనను పక్కన పెట్టినా అదే లెక్క వచ్చింది. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది: నేనేమవుతానో ఏ పద్ధతీ ముందుగా చెప్పలేదు. నిజమే. తటస్థ ద్రావణంలో 3 ఎలక్ట్రాన్లతో గోధుమరంగు డైఆక్సైడ్‌గా ఆగిపోతాను, గాఢ క్షారంలో ఒక్కదానితోనే మళ్లీ ఆకుపచ్చనవుతాను. అంశమాపనంలో ఆమ్లం చాలక ద్రావణం గోధుమరంగుకు మళ్లిందంటే, ఐదుతో వేసిన లెక్క అక్కడ చెల్లదు.