శవం లేని పంచనామా

ఇంగ్లండులో మనిషి పోతే గొంతు తగ్గించి, చావన్న మాట నోట రానీయకుండా మాట్లాడతారు. అదే మ్యాచ్ పోయిందా, మర్నాడు పొద్దున్నే ఇన్‌క్వెస్ట్ మొదలు! ఎన్నికల్లో ఓడినా ఇన్‌క్వెస్టే, ఆఫీసులో ప్రాజెక్టు ఆలస్యమైనా ఇన్‌క్వెస్టే, పేకాటలో చేతిదాకా వచ్చిన ఆట పోతే ముక్కలు కలిపేలోపు దానికీ ఒకటి. ఇక్కడ స్థిరపడ్డ మాలాంటివాళ్లకి ఆ మాట చెవికి తగలడం ఎప్పుడో మానేసింది. మళ్లీ తగిలింది 2024 జూలైలో, మా మామగారు రెడింగ్‌లో మా ఇంటికి వచ్చాక.

మామగారు గుంటూరు జిల్లాలో తహశీల్దారుగా చేసి రిటైరయ్యారు. ఇన్‌క్వెస్ట్ అంటే ఆయనకి మాటవరసకి అనేది కాదు, సెక్షన్ 174 కింద శవ పంచనామా. చెట్టుకింద కుర్చీ, పక్కన ఎస్సై, ముక్కుకి తువ్వాలు అడ్డంపెట్టుకున్న పంచాయతీదార్లు, కాలమ్‌లు గీసిన ఫారం. పైగా ఆ నెల ఒకటో తారీఖునే మన దేశంలో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి కొత్త సంహిత వచ్చింది. 174 కాస్తా 194 అయింది. సర్వీసంతా నోట్లో నానిన నంబరు పోయిందన్న దిగులులో ఉన్నారాయన.

నాలుగో తారీఖున ఇక్కడ ఎన్నికలు. 2019లో 365 సీట్లు గెలిచిన కన్సర్వేటివ్ పార్టీ 121కి పడిపోయింది. టీవీలో ఇన్‌క్వెస్ట్. పద్నాలుగున బెర్లిన్‌లో యూరో ఫుట్‌బాల్ ఫైనల్. 86వ నిమిషంలో స్పెయిన్ గోలు కొట్టింది, ఇంగ్లండు 2-1తో ఓడింది. మళ్లీ ఇన్‌క్వెస్ట్. మామగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"అల్లుడుగారూ, బాడీ ఎక్కడుంది?"

"బాడీ లేదండీ మామగారూ. ఎందుకు ఓడారా అని చర్చ, అంతే."

"బాడీ లేకుండా పంచనామా ఎలా రాస్తారండీ? పంచాయతీదార్లెవరు?"

తెర మీద రిటైరైన ఆటగాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. వీళ్లేనన్నాను. ఆయన వాళ్లని కాసేపు పరకాయించి చూసి, "ముద్దాయి ఎవరో వీళ్లకి ముందే తెలిసినట్టుందే!" అన్నారు. రెండు రోజులకి మేనేజరు సౌత్‌గేట్ రాజీనామా చేశాడు.

ఆయన అన్నదాంట్లో పాయింటుంది. ఇంగ్లండులో అసలు ఇన్‌క్వెస్ట్ చేసే అధికారిని కరోనర్ అంటారు. 1194 నుంచీ ఉన్న ఉద్యోగమిది. మొదట్లో అతని ముఖ్యమైన పని రాజుగారికి రావలసిన రాబడి జారిపోకుండా చూడటం. చావు వెనకాల జరిమానాలూ జప్తులూ ఉండేవి కనక అక్కడికీ వెళ్లేవాడు. "అయితే రెవెన్యూ డిపార్టుమెంటేనన్నమాట" అని మామగారు మురిసిపోయారు. ఇప్పటి కరోనర్ తేల్చాల్సినవి నాలుగు సంగతులు: పోయింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా. ఫలానావాడు నేరం చేశాడనిగానీ, నష్టానికి ఫలానావాడు బాధ్యుడనిగానీ తీర్పు చెప్పే అధికారం అతనికి లేదు. 2009 నాటి చట్టం ఆ మాట స్పష్టంగానే చెప్పింది. మరి ఆఫీసు ఇన్‌క్వెస్టులో జరిగేదేమిటి? మొదటి మూడూ అందరికీ తెలుసు, నాలుగోది ఎవరికీ అక్కర్లేదు. చట్టం వద్దన్న ఆ అయిదో ప్రశ్న కోసమే మీటింగు పెడతారు.

మనిషి దొరక్కపోతే వస్తువు మీద పడటం కూడా వీళ్లకి పాత అలవాటే. వెనకటికి బండిచక్రం కింద పడి ఎవరైనా పోతే, ఆ చక్రానికి వెలకట్టి ఆ సొమ్ము రాజుకి జమ చేసేవారు. డియోడాండ్ అనేవారు దాన్ని. మా ఊరి పక్కనే సోనింగ్ దగ్గర 1841 క్రిస్మస్ ముందురోజు రైలు కొండచరియ మట్టిలోకి దూసుకుపోయి ప్రయాణికులు చనిపోయారు. ఇన్‌క్వెస్ట్ జ్యూరీ ఆ ఇంజనుకీ పెట్టెలకీ వెయ్యి పౌన్లు విధించింది. చక్రాలకైతే సరేగానీ, ఇంజన్లకి ఇలా వెలకడితే రైలు కంపెనీలు ఊరుకుంటాయా? 1846లో ఆ పద్ధతే ఎత్తేశారు.

ఎత్తేసింది చట్టంలోంచే, అలవాట్లోంచి కాదు. 1996 ఏప్రిల్‌లో సౌతాంప్టన్ మీద ఆడుతూ మాంచెస్టర్ యునైటెడ్ సగం ఆటకే 3-0 వెనకబడింది. బూడిదరంగు చొక్కాల్లో ఒకరికొకరు కనపడటం లేదని మేనేజరు ఫెర్గూసన్ విరామంలో అందరిచేతా చొక్కాలు మార్పించాడు. చివరికి 3-1తో ఓడారు. మార్చాక ఒక గోలు వచ్చింది కాబట్టి చొక్కా పూర్తిగా నిర్దోషి అనడానికీ లేదు.

సౌత్‌గేట్ రాజీనామా చేసిన వారంలోనే మావాడి స్కూలు రిపోర్టు వచ్చింది. లెక్కల కాలమ్ చూసి మా ఆవిడ నోరు తెరిచిందో లేదో, "అమ్మా, ప్లీజ్, ఇన్‌క్వెస్ట్ వద్దు" అన్నాడు. "ఛ, అవేం మాటలురా, సంధ్యవేళ!" అని అత్తగారు గోడ కొట్టారు. మామగారు మాత్రం పెన్ను తీశారు.

"మార్కుల్ని ఆఖరిసారి ప్రాణాలతో చూసిందెవరు?"

"మా టీచర్, తాతయ్యా. ఈస్టర్ సెలవులకి ముందు."

"ఒంటిమీద గాయాలు?"

"ఎర్ర సిరావి."

"పక్కన దొరికిన వస్తువు?"

వాడు జవాబు చెప్పలేదుగానీ, జేబులో ఫోను మోగింది. ఆయన దాన్ని అక్కడికక్కడే జప్తు చేశారు. 1846లో ఇంగ్లండు ఎత్తేసిన చట్టం రెడింగ్‌లో ఒక ఇంట్లో నెలంతా అమల్లో ఉంది.

ఇంత జరిగినా శవం లేని ఇన్‌క్వెస్ట్ చెల్లదనే ఆయన వాదన. వెళ్లబోయే ముందు ఒకరోజు 1996 నాటి ట్రెజర్ చట్టం సంగతి చెప్పాను. భూమిలో పాత బంగారం దొరికితే, అది చట్టం చెప్పే నిధి అవునా కాదా అని ఇక్కడ తేల్చేది కరోనరే, అదీ ఇన్‌క్వెస్ట్ పెట్టి.

"లంకెబిందెలకి ఇన్‌క్వెస్టా!" అని ఆయన లేచి కూర్చున్నారు. "మనకి 1878 చట్టం. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పాలి. ఇక్కడ గడువెంత?"

గడువు 14 రోజులు. ఇంగ్లండులో పెరడున్న తెలుగువాళ్లు ఇది రాసిపెట్టుకోండి. పాదులు తవ్వుతుంటే బిందె తగిలితే, ముందు చుట్టాలకి కాదు, కరోనరుకి కబురు చేయండి. ఆ ఒక్క ఇన్‌క్వెస్టుకి ఎవరూ పోనక్కర్లేదు, ఎవరూ ఓడనక్కర్లేదు.