నేననని మాటకు చప్పట్లు

ఇంట్లో ఒకడు కవిత్వం రాస్తుంటే పెద్ద ఇబ్బంది లేదు. చంద్రుణ్ణో చెరువునో పట్టుకుంటాడు, మన జోలికి రాడు. స్టాండప్ కామెడీ మొదలుపెట్టినవాడు ఉంటే మాత్రం చుట్టాలంతా నోరు అదుపులో పెట్టుకోవాలి. వానికి ముడిసరుకు మనమే. మొన్న దినం భోజనాల దగ్గర మా మేనత్త, పోయిన మామను తలుచుకుని, “బతికినన్నాళ్ళూ పులుసులో ఉప్పు చాల్లేదనే అన్న్యాడు. పొయ్యే రోజు సరిపోయిందన్న్యాడు. అప్పుడే అనుకుంటి” అని కళ్ళొత్తుకుంటోంది. మా మేనల్లుడు ఫోను తీశాడు. ఎవరికో కబురు చెబుతున్నాడనుకున్నాం. రాసుకుంటున్నాడు! “జేజీ, ‘అప్పుడే అనుకుంటి’ ముందన్న్యావా, ‘సరిపోయింది’ ముందన్న్యావా?” అని అడిగాడు కూడా.

మాది వెంకటమ్మనహళ్లి, పావగడ తాలూకా, తుమకూరు జిల్లా. పటంలో చూస్తే కర్ణాటక ఒక చెయ్యి చాపి ఆంధ్ర విస్తట్లో పెట్టినట్టుంటుంది మా తాలూకా. మూడు దిక్కులా ఆంధ్రే. బళ్ళో కన్నడం, ఇంట్లో తెలుగు. హిందూపురం పోతే కన్నడమోళ్ళంటారు, బెంగళూరు పోతే ఆంధ్రానా అంటారు. మావాడు మైకు పట్టుకుని మొదట చెప్పేది ఇదే. “రెండు రాష్ట్రాల నడుమ పుట్టినా, రెండు భాషల్లో పెరిగినా, ఏదో ఒకటి తేల్చుకోమని ఎవరూ అనలేదు. నాకు మగపిల్లలంటే ఇష్టమని చెప్పినాక, తేల్చుకోవడం అనేదొకటి ఉందని ఇంటిల్లిపాదికీ గుర్తొచ్చింది.”

ఊరి పేరు చెబితే బెంగళూరులో ఎవరికీ తెలియదు. కాస్త వయసు మళ్ళినవాళ్ళు మాత్రం కనుబొమలు ముడేసి, “ఆ పోలీసుల...” అని ఆగిపోతారు. 2005 ఫిబ్రవరిలో బడిలో దిగిన రిజర్వు పోలీసుల శిబిరం మీద నక్సలైట్లు దాడి చేశారు. ఏడుగురు పోలీసులు, వాళ్ళతో పాటు ఒక మామూలు మనిషి చనిపోయారు. దాని మీద మాత్రం జోకు వద్దురా అన్నాను. వేయలేదు. చెప్పకపోయినా వేసేవాడు కాదులెండి. వాని మంచి గుణాలు వెతికితే దొరుకుతాయి.

ఓపెన్ మైక్ అంటే ఏమిటో మా బావకు, అంటే వాని నాయనకు, విప్పి చెప్పేటప్పటికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. కోరమంగళలోనో ఇందిరానగరంలోనో కాఫీ అంగడి మేడమీద జరుగుతుంది. ముందుగా పేరు రాయించుకోవాలి. మనిషికి నాలుగైదు నిమిషాలు. టైమైపోవస్తే వెనకనుంచి ఎవరో ఫోను టార్చి చూపిస్తారు, దిగిపోవాలి. డబ్బులివ్వరు. వినేవాళ్ళలో సగం మంది తమ వంతు కోసం కూర్చున్న కమెడియన్లే. వాళ్ళు నవ్వరు, తమ జోకులు లోపల్లోపల వల్లె వేసుకుంటుంటారు. బావ అంతా విని, “అంటే మాట్లాడేటోళ్ళు ఉంటారు, వినేటోళ్ళు ఉండరు. మన గ్రామసభే కదప్పా” అన్నాడు. అది వారం తిరక్కముందే మావాని సెట్లోకి ఎక్కింది. సొంతంగా పుట్టిన ఆలోచనలాగా చెప్పాడు.

అందరికీ ఐదు నిమిషాలైతే మావానికి చేతికొచ్చేవి నాలుగే. ఫలానా అని చెప్పగానే హాలంతా గమ్మునైపోతుందట. కోపం కాదు. నవ్వితే తప్పేమో, నవ్వకపోతే తప్పేమో అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చూపులకే నిమిషం ఖర్చు. వాళ్ళననేం లాభం? మన సినిమాల్లో నడుం తిప్పుకుంటూ వచ్చి, హీరో మీద చెయ్యేసి, తన్నులు తిని పోయే పాత్ర ఒకటుండేది. అదే నవ్వనుకుని ఒక తరమంతా టికెట్లు కొన్నాం. పావగడలో టాకీసుకు పోయి నేనూ పడీపడీ నవ్వాను. పక్క కుర్చీలో వీడు. పదేళ్ళుంటాయేమో. ఆ రోజు వాడు నవ్వాడా లేదా అని ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

వాని గురువులు వేరే ఉన్నారు. బొంబాయి నవీన్ నొరోనా, ఢిల్లీ వాసు ప్రిమ్లానీ, స్వాతి సచ్‌దేవా. వీళ్ళంతా తమ సంగతి దాచకుండా మైకులో చెప్పినవాళ్ళే. వాసు ప్రిమ్లానీకి కేంద్ర ప్రభుత్వం నారీశక్తి పురస్కారం ఇచ్చిందని తెలిసి, ఆ ముక్క పట్టుకుపోయి మా అక్క ముందు పెట్టాను. “మనోనికి నారీశక్తి ఎట్లిస్తారు?” అంది అక్క. అది కూడా సెట్లోకి పోయింది.

అసలు గొడవ హాన్నా గాడ్స్‌బీ దగ్గర వచ్చింది. టాస్మానియా కమెడియన్. 2018లో ‘నానెట్’ అనే ప్రదర్శన నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ముందే లోకువైనవాళ్ళు నలుగురినీ నవ్వించడానికి తమను తామే కించపరచుకుంటే అది వినయం కాదు, అవమానం అని గాడ్స్‌బీ వాదం. మావాడు అది చూసి రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. ఆ రోజు నుంచి తన మీద తాను జోకులేసుకోవడం మానేశాడు. సంతోషించాను. తర్వాత తెలిసింది, ఖాళీ అయిన ఆ చోట్లో నన్ను కూర్చోబెట్టాడని.

వాని సెట్లో ఒక మామ ఉంటాడు. పల్లెటూరి మామ. మీసాలుంటాయి (నాకు లేవు). అల్లుడు బస్టాండులో ధైర్యం చేసి గుండెలో మాట చెబితే, ఆ మామ తుండుగుడ్డ దులిపి, “దీనికి హిందూపురంలో ఇంజెక్షన్ ఉందిరా, మూడేస్తే పోతుంది. మన బర్రెకు కూడా వేయించినా” అంటాడు. హాలు దద్దరిల్లుతుంది. వీడియోలో చూశాను. వెనక వరసలో ఒకమ్మాయి బల్ల చరుస్తోంది. చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు, “మన మామే!” అని నవ్వు బొమ్మలు తగిలించి. మా బావ రెండుసార్లు చూసి, “వీడింత ఇంగ్లీషు ఎప్పుడు నేర్చినాడు?” అన్నాడు. కొడుకు గురించి ఆయన ఇప్పటిదాకా అన్న మాట అదొక్కటే.

జరిగింది ఇది. పావగడ బస్టాండు. మధుగిరి మీదుగా బెంగళూరు పోయే బస్సు రాలేదు. వాడు సంచి ఒళ్ళో పెట్టుకుని, పట్టీ బకిల్ తీస్తూ పెడుతూ, నేలకేసి చూసుకుంటూ చెప్పాడు. నేను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మీ నాయనకు తెలుసునా?” అన్నాను. లేదన్నాడు. “టీ తాగుతావా?” అన్నాను. తాగాం. బస్సొచ్చింది. కిటికీ పక్క సీటు పట్టిచ్చాను. అంతే.

ఇంజెక్షన్ ఎక్కడిదిరా అని నిలదీస్తే వాని జవాబు వినండి. “నువ్వు మంచోనివైతే జోకు పండదు మామా. టీ తాగించినాడని చెప్పినా. ఎవరూ నవ్వలేదు. ఒకామె ఏడ్చింది.” గాడ్స్‌బీ కూడా బస్‌స్టాపు కథే చెప్పారు. అక్కడ తిన్న దెబ్బలు దాచి ముందు నవ్వించారు, చివర్లో ఉన్నదున్నట్టు చెప్పి అందరి నోళ్ళూ మూయించారు. మావాడు తాగిన టీ దాచాడు. తేడా ఏమంటే, వానికి చివర్లో నిజం చెప్పేంత టైముండదు, టార్చి పడుతుంది.

నా బాధ మీసాల గురించి కాదు. బల్ల చరిచిన ఆ అమ్మాయి గురించి. పల్లెటూరి మామ అంటే అట్లాగే ఉంటాడని బెంగళూరుకు గట్టి నమ్మకం. అదే బెంగళూరులో ఒక ఇంటాయన వీని వీడియో చూసి, అడ్వాన్సు వెనక్కిచ్చి, “మాదేం లేదు, పైన ఫ్యామిలీలున్నాయి” అన్నాడు. ఆయనకు మీసాల్లేవు, తుండుగుడ్డ లేదు, బర్రె కూడా ఉండి ఉండదు. ఆయన మీద జోకెందుకు వేయవురా అంటే, “వేసినా మామా. హాల్లో సగం మంది ఇండ్ల ఓనర్లే” అన్నాడు.

కోర్టు సంగతి మాత్రం బాగా చెబుతాడు. 2018 సెప్టెంబరు 6న 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పొచ్చిన రోజు వాడు హాస్టల్లో ఉన్నాడు. నేరస్థుణ్ణి కాదని తేలితే మిఠాయి పంచాలి, పంచితే దేనికని అడుగుతారు. అందుకని ఇంటినుంచి తెచ్చుకున్న శెనక్కాయ చిక్కీ దుప్పట్లో దూరి ఒక్కడే తిన్నాడట. తర్వాత పెళ్ళి కేసు. హైదరాబాదులో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో పదిమందిని పిలిచి వేడుక చేసుకున్నారు. దాన్ని చట్టం కూడా పెళ్ళి అనాలని సుప్రీంకోర్టుకెక్కారు. 2023 అక్టోబరు 17న ఐదుగురు జడ్జీల ధర్మాసనం కుదరదంది. ఆ వారం మావాడు ఊరొచ్చాడు. రాగిముద్ద ఊరుబిండిలో అద్దుకుంటుంటే మా అమ్మ, “అబ్బోడా, నీ పెండ్లి ఎందుకు కుదరలేదురా?” అంది. “ఐదుమంది జడ్జీలు ఒప్పుకోలేదవ్వా” అన్నాడు. “వాళ్ళు ఏ తట్టు చుట్టాలు? కట్నం ఎక్కువడిగినారా?”

మా అక్కది వేరే దారి. వాణ్ణి పావగడ శని మహాత్మ గుడికి లాక్కుపోయి నువ్వుల నూనె దీపం పెట్టించింది. మరుసటి వారం బెంగళూరులో సెట్టు: “శని నన్ను ఎగాదిగా చూసి, ‘అమ్మా, నేనైతే ఏడున్నరేళ్ళకు పోతా. ఇది పోయేది కాదు’ అన్నాడు.” ఈ జోకు విని నవ్వింది అక్క ఒక్కతే మా ఇంట్లో. దేవుడి పేరు తీసినాడని మర్నాడు మళ్ళీ దీపం పెట్టింది.

జూన్ వస్తే గిరాకీ. అది ప్రైడ్ నెల. కంపెనీలు ఇంద్రధనుస్సు జెండా కట్టి మావాణ్ణి పిలుస్తాయి. మా తాలూకాలో శెనక్కాయ విత్తే నెల, వానికి కోతల నెల. జూలై ఒకటిన అదే ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలని అడుగుతాడట.

నాకు స్టేజీ పిచ్చి లేదనుకోకండి. మా ఊరి కురుక్షేత్ర నాటకంలో శకుని వేసేవాణ్ణి. పద్యం చివర రాగం ఎత్తుకుంటే హార్మోనియం ఆయన చేతులు మార్చుకోవాల్సిందే. కృష్ణుడు రాయబారానికొచ్చి తెర పక్కన కునుకు తీసేవాడు. ఆ రోజుల్లో టార్చి చూపించేవాళ్ళు లేరు. ఇంకో మాట, మా అమ్మ కట్నం సంగతి అడిగింది నిజం. ‘ఏ తట్టు చుట్టాలు’ అన్నది నేను తగిలించింది. వానికి తెలియనివ్వద్దు, అదే నిజమనుకుని సెట్లో చెబుతున్నాడు.

ఇప్పుడు హైదరాబాదులో తెలుగులో చేస్తాడట. మా పావగడ యాస అక్కడివాళ్ళకు అర్థమవుతుందో లేదోనని భయపడుతున్నాడు. “తెలుగులో కాబట్టి నువ్వు చదివి ఒప్పుకుంటేనే చెబుతా మామా” అని రాసి పంపాడు. మీసాలు తీసేశాడు. ఇంజెక్షన్ లేదు, బర్రె లేదు. బస్టాండు, బకిలు, టీ, కిటికీ సీటు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టాడు. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఎక్కడా నవ్వు రాలేదు. ఫోను చేసి, “ఆ ఇంజెక్షనే పెట్టుకోరా” అన్నాను. “బర్రె?” అన్నాడు.

“బర్రె కూడా.”