డెర్బీకి ఎన్ని మార్కులు?

మగవాడి మర్యాద మాటలోనో చేతలోనో ఉంటుందనుకుంటాం. కాదట. లేసు కట్టే రెండు తోలు రెక్కల్ని బూటు ముందుభాగం కింద కుట్టారా, పైన కుట్టారా అన్నదాంట్లో ఉంటుందట. కింద కుడితే అది ఆక్స్‌ఫర్డ్, మొదటి పంక్తిలో విస్తరి. పైన కుడితే డెర్బీ, రెండో పంక్తి. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంగ్లండు బూట్ల పండితులు ఆ రెండో పంక్తిలోనూ ఎక్కువ తక్కువలు తేల్చారు.

నలుపు ముందు, బ్రౌన్ వెనక, స్వేడ్ అనే నూగు తోలు మరీ వెనక. అడుగు పలచటి తోలుదైతే పైకి, మందపాటి రబ్బరుదైతే కిందికి. మరి అలంకారానికి చిల్లులు పొడిచిన నల్ల డెర్బీ గొప్పదా, చిల్లుల్లేని బ్రౌన్ డెర్బీ గొప్పదా? ఇక్కడ పండితులు రెండు జట్లయిపోతారు. ముక్కు నున్నగా ఉన్నదే ఘనమని ఒకరు. నున్నగా ఉంటే కానిస్టేబుల్ బూటులా ఉంటుంది, వేళ్ళ మీద అడ్డపట్టీ ఉండాల్సిందేనని మరొకరు. ముక్కు మధ్యన నిలువు కుట్టుండే నార్వేజియన్ రకాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ పాలుపోదు. ఆఫీసుకు సరే, పెళ్ళికి వద్దు అనేసి చేతులు దులుపుకుంటారు.

డెర్బీ తరహా బూటును అమెరికాలో బ్లూచర్ అని కూడా అంటారు. 1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్ మీదికి దండెత్తి వచ్చిన ప్రష్యా సేనాని పేరది. తన సిపాయిలు చప్పున తొడుక్కోవడానికి వీలుగా ఆయన చేయించాడని చెబుతారు. అంటే నెపోలియన్‌ని ఓడించడానికి పనికొచ్చింది, లండన్‌లో విందుకు మాత్రం చాలదు! ఐర్లండ్, స్కాట్లండ్ బురదనేలల్లో నీళ్ళు బయటికి పోవడానికి పెట్టారనే చిల్లుల్లోంచి ఇప్పుడు నీళ్ళు పోవు, పరువు పోతుంది. ‘కింగ్స్‌మన్’ సినిమాలోనైతే బ్రోగ్‌లు కాదు, ఆక్స్‌ఫర్డ్‌లే అనడం గూఢచారుల సంకేతం. బ్రోగ్ అంటే చిల్లుల పని, ఆక్స్‌ఫర్డ్ అంటే లేసు దగ్గరి కుట్టు; రెండూ ఒకే బూటులో ఉండొచ్చు. ఆ మాత్రం తేడా తెలియని వాక్యాన్ని బట్టీపట్టి ఎంతమంది పక్కవాడి కాళ్ళకేసి చూసి పెదవి విరిచారో!

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో 1879 నుంచి బూట్లు కుడుతున్న క్రాకెట్ అండ్ జోన్స్ కంపెనీ ఆక్స్‌ఫర్డ్, డెర్బీ రెండు రకాలూ చేస్తుంది. కుట్టే చోట లేని అంటు, తొడిగే చోట ఎలా వచ్చిందో.

పిచ్చి ముదిరిందని నవ్వి ఊరుకోవచ్చు. కానీ 2016లో బ్రిటన్ సోషల్ మొబిలిటీ కమిషన్ నివేదిక ఒక సంగతి బయటపెట్టింది: లండన్ పెట్టుబడి బ్యాంకుల్లో కొందరు మేనేజర్లు, సూటు కింద బ్రౌన్ బూట్లు వేసుకొచ్చిన అభ్యర్థుల్ని ఆ బూట్లను బట్టే తూచారు. ఇలాంటి సంగతులు చెప్పే తండ్రో మేనమామో ఇంట్లో లేని కుర్రాడు, ఎంత చదివినా అక్కడ దొరికిపోయాడు. ఆ నియమం ఏ ప్రకటనలోనూ ఉండదు. రాసిపెడితే అందరూ నేర్చేసుకుంటారు కదా!

అయినా పండితులకు నాదొక విన్నపం. ఆ బ్యాంకుల గుమ్మాల్లో బోర్డు పెట్టించండి: ఏ రంగు, ఏ తోలు, ఎన్ని చిల్లులు, అడుగు ఎన్ని మిల్లీమీటర్లు అని. పాపం ఆ కుర్రాడు అప్పు చేసి బూట్లు కొనేముందే ఒకసారి వచ్చి చదువుకుపోతాడు.