ఒక్క చెంబుడు నీళ్లు

నేను గాలపు రీలుని. నా కడుపులో చుట్టిన టంగూసు దారం మొదటిసారి బుసకొడుతూ బయటికి పరుగెత్తింది విశాఖ తీరపు రాళ్ల మీద. అవతలి కొసన పార చేప. దారం నా యజమాని చూపుడువేలిని కోసేసినా ఆయన పిడి వదల్లేదు. కార్ఖానాలో నన్నెవరు బిగించారో నాకు పట్టదు. నా పుట్టుక ఆ పొద్దుటి నుంచే లెక్క.

సముద్రం కోసం చేసినదాన్నని నాకు గర్వం. బరువైన సీసం గుండు, రొయ్య ఎర, పోటు చూసుకుని వేట. ఆరేసి గంటలకు నీరు దారి మార్చుకుంటుందని ఆయనకు గడియారం లేకుండానే తెలుసు. తెలియనిదల్లా, ఇంటికొచ్చాక నన్ను మంచినీళ్లతో కడగాలని. చేపను మాత్రం మూడు నీళ్లు పోసి కడిగేవారు. నన్ను తడితోనే తలుపు వెనక తగిలించేవారు. ఉప్పు నా పళ్ల సందుల్లో తెల్లగా పేరుకుంది, ఇనుప మరలు తుప్పుపట్టాయి. ఒక్క చెంబుడు నీళ్లు చాలేవి. అడగడానికి నాకు నోరు లేదు.

బదిలీ మీద కరీంనగర్ వచ్చాం. ఊరిని ఆనుకునే దిగువ మానేరు జలాశయం. 1985లో పూర్తయింది, 24 టీఎంసీల నీరు పడుతుంది. ఆయన అలవాటు కొద్దీ సీసం గుండు కట్టి దూరంగా విసిరి, పోటు కోసం చూశారు. ఇక్కడ ఆటూ లేదు, పోటూ లేదు. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ తెచ్చిన నీళ్లతో మట్టం పెరుగుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. ఏడాదికొక్క పోటు అనుకోవాలి. మూడు ఆదివారాలు వట్టి చేతులతో తిరిగొచ్చాం.

నాలుగోవారం గంగపుత్రుల పిలగాడొకడు పక్కన కూచున్నాడు. “గంత దూరం ఎందుకు సార్? కొర్రమట్ట ఒడ్డుకే ఉంటది. బెండు కట్టుండ్రి, ఎర్ర గుచ్చుండ్రి.”

“ఏటి బాబూ, ఇంత ఒడ్డునా?”

వానపామును ఎర్ర అంటారని ఆ రోజే తెలిసింది. బొచ్చె పైనీటిలో, రవ్వ నడుమ నీటిలో మేస్తుందనీ, తవుడు ముద్దకు రవ్వ వస్తుందనీ ఆ పిలగాడే చెప్పాడు. నా ఒంటి తుప్పు చూసి “నూనె పొయ్యరా సార్?” అని కూడా అడిగాడు. ఆ సాయంత్రం ఆయన నన్ను విప్పి, నీళ్లలో నానబెట్టి, కుట్టుమిషను నూనె చుక్కలు వేశారు. విశాఖ ఉప్పు అప్పుడు కరిగింది.

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దు, తుంగ పక్కన నీళ్లు ఎర్రగా మెదిలాయి. ఆయన చెయ్యెత్తారు.

“అండ్ల ఎయ్యకుండ్రి సార్, పిల్లలను కాస్తాంది.”

ఎర్రెర్రని పిల్లల గుంపు. దాని కింద నల్లగా పెద్ద చేప. గాలి మింగడానికి ఒక్కసారి పైకొచ్చి మళ్లీ అక్కడే నిలిచింది. ఆయన దారాన్ని మెల్లగా నాలోకి చుట్టేశారు. ఆ రోజు వేట లేదు. సముద్రంలో చేపను ఒడ్డుకు లాగాకే చూసేవాళ్లం, దాని వెనక పిల్లలున్నాయో లేదో మాకెలా తెలుస్తుంది? నా బతుకులో నేను బాగా పనిచేసిన రోజు అదేనని నా నమ్మకం.

తర్వాత ఆయనకు మోకాళ్ల నొప్పులు. కొడుకు తేలికపాటి కొత్త రీలు కొనిచ్చాడు. నన్ను గుడ్డసంచిలో చుట్టి అటకెక్కించారు. ఆ కొత్తదీ ఎన్నాళ్లో కట్ట మీదికి వెళ్లలేదు. సంచికి సాలెగూడు పట్టింది, దారం చుట్టలుగానే బిగుసుకుపోయింది. వీధిలో పాత సామాన్లవాడి కేక వినబడితే, సంచి మీద ఎవరి చెయ్యి పడుతుందోనని బెదిరిపోతాను.

జూన్‌లో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు ఊరంతా చేప తినాలి. ఆయన బజారులో కొర్రమట్టను కోయించుకుని తెస్తారు. కింద వంటింట్లో ఉప్పూ పసుపూ వేసి ముక్కలు కడుగుతున్న చప్పుడు. ఒక నీళ్లు, రెండు నీళ్లు, మూడు నీళ్లు. నా దారం కొసన ఆయన వేసిన ఆఖరి ముడి ఇంకా ఊడలేదు.