పోలెండు పద్దు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు మెట్లెక్కిన రైతుకి వేరే చెప్పక్కర్లేదు. సరుకు మనది, కాటా వాళ్లది, తరుగు వాళ్లిష్టం. ఆఖరున లెక్క తేల్చే తక్‌పట్టీ చేతికొచ్చాక చూసుకుంటే, ఎదురు బాకీ పడింది మనమేనని తేలుతుంది. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు బ్రిటిషువాడు నడిపింది అచ్చం ఇదే కొట్టు. అమ్మకానికి పెట్టిన సరుకు స్వేచ్ఛ. పద్దు మాత్రం పోలెండు పేరున రాశాడు.

1939 సెప్టెంబరు 1న హిట్లరు పోలెండు మీద పడ్డాడు. 3న లండను యుద్ధం ప్రకటించింది. అదే రోజు వైస్రాయి లిన్‌లిత్‌గో దొరవారు మన తరఫున కూడా ప్రకటించేశారు. ఢిల్లీ శాసనసభని అడిగిందీ లేదు, మద్రాసులో రాజాజీ మంత్రివర్గాన్ని అడిగిందీ లేదు. ఆ మంత్రివర్గంలో రెవెన్యూ చూస్తున్న టంగుటూరి ప్రకాశం పంతులుగారు సైతం తాము యుద్ధంలో ఉన్నట్టు దొరవారు చెబితేనే తెలుసుకున్నారు. ఒంగోలు రైతు మర్నాడు లేచేసరికి వార్సా స్వేచ్ఛ కోసం పోరాడుతున్నాడు. వార్సా ఏ దిక్కునుందో అతనికి తెలీదు. ఒంగోలు సంగతి వార్సాకీ తెలీదు. ఇద్దరి గురించీ తెలిసినవారు దొరవారొక్కరే.

పోలెండు స్వేచ్ఛ కోసం యుద్ధమైతే మా స్వేచ్ఛ మాటేమిటని కాంగ్రెసు అడిగింది. నెల తిరిగాక, అక్టోబరు 17న, జవాబొచ్చింది: యుద్ధం అయ్యాక మాట్లాడుకుందాం. అంటే, మిర్చి టిక్కీలు ముందు దించండి, రేటు తర్వాత చూద్దాం. ఆ నెలాఖరుకి మద్రాసు మంత్రివర్గం రాజీనామా చేసింది. గవర్నరుగారు ‘అయ్యో’ అని కూడా అనకుండా పాలన చేతిలోకి తీసుకున్నారు.

పోనీ, పద్దు ఎవరి పేరున రాశారో ఆ పోలెండుకైనా ఏం ముట్టింది?

పోలెండు సైన్యంలో పదో అశ్విక బ్రిగేడు అని ఒకటుండేది. పేరులోనే గుర్రం, అంతా మోటార్లే. 1937లో తయారైన ఆ దళమే వాళ్లకి తొలి మోటారు బ్రిగేడు. కర్నల్ స్తానిస్వావ్ మాచెక్ దాని నాయకుడు. నల్ల తోలు కోట్లు వేసుకుని, ఉన్న కాసిని చిన్న ట్యాంకులతో, దక్షిణ కొండల్లో జర్మను పాంజర్లకి అడ్డం పడుతూ, ఒక్కో వాగు దగ్గరా ఆగి కొడుతూ, ల్వూఫ్ దాకా వచ్చారు. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ల్వీవ్ అంటున్నామే, 2022లో మన తెలుగు వైద్య విద్యార్థులు పోలెండు సరిహద్దుకి పరుగులు పెట్టిన ఊరు, అదే. మాచెక్ పుట్టింది ఆ పక్కనే. అన్ని రోజులూ, మాటిచ్చిన బ్రిటను ఏం చేసింది? చేయలేదంటే పాపం తగులుతుంది. విమానాలు పంపింది. అవి జర్మనీ మీద కరపత్రాలు కురిపించి తిరిగొచ్చాయి. సెప్టెంబరు 17న తూర్పు నుంచి స్టాలినూ దిగాడు. 19న బ్రిగేడు హంగరీలోకి దాటింది. అక్కణ్ణుంచి తప్పించుకుని ఫ్రాన్సు చేరి, 1940 జూన్‌లో మళ్లీ పోరాడి, పెట్రోలు అయిపోతే సొంత ట్యాంకుల్ని తామే పగలగొట్టుకుని, బ్రిటను చేరారు.

ఈలోగా దొరలకి స్వేచ్ఛ మీద ప్రేమ ముదిరింది. 1941 ఆగస్టులో రూజ్‌వెల్టు, చర్చిల్ న్యూఫౌండ్‌లండు తీరాన ఓడల మీద కలిసి అట్లాంటిక్ ప్రకటన వెలువరించారు. తమ ప్రభుత్వాన్ని తామే ఎంచుకునే హక్కు జనాలందరిదీ అన్నారు. ‘అందరిదీ’ చదివి మనవాళ్లు ఆశపడ్డారు. సెప్టెంబరు 9న చర్చిల్ పార్లమెంటులో లేచి తరుగు తీసేశారు: ఆ మాట నాజీల కాడి కింద ఉన్న యూరపు దేశాల గురించట. మన మెడ మీద కాడి లండనులో చేసింది కనక లెక్కలోకి రాదు.

ఏడాది తిరక్కుండా తెనాలివాళ్లు ఆ హక్కు తామే వాడుకోబోయారు. 1942 ఆగస్టు 12న జనం రైల్వే స్టేషనుకి నిప్పు పెట్టారు. పోలీసులు కాల్చారు. ఏడుగురు పోయారు. జర్మనీ మీద కాగితాలు కురిపించిన ప్రభుత్వానికి తెనాలిలో మాత్రం అసలైన తూటాలు దొరికాయి. పోలెండులో రైలు కూల్చినవాడు లండను రేడియోలో వీరుడు. తెనాలిలో స్టేషను తగలబెట్టినవాడు రౌడీ. ఆ ఏడుగురి గుర్తుగా తెనాలిలో వెలసిన రణరంగ్ చౌక్ దాటేటప్పుడు ఈ తేడా ఎవరైనా మా పిల్లలకి చెబితే బావుండు.

మాచెక్ మాత్రం దొరల మాట నమ్ముకునే ఉన్నాడు. 1942లో స్కాట్లండులో కొత్త ట్యాంకు డివిజన్ కట్టాడు. 1944 ఆగస్టు 8న నార్మండీలో దాని మీద పడ్డ తొలి బాంబుల్లో కొన్ని మిత్రులవే: అమెరికా విమానాలు పొరపాటున వేశాయి. అయినా ఫలేజ్ దగ్గర జర్మను సైన్యం పారిపోయే దారికి అడ్డంగా 262వ నంబరు గుట్ట ఎక్కి, అన్ని వైపులా శత్రువు చుట్టేసినా దిగలేదు. అక్టోబరు 29న హాలండులో బ్రేడా పట్టణాన్ని పాడుచేయకుండా విడిపించారు. 1945 మేలో జర్మను నౌకా స్థావరం విల్‌హెల్మ్స్‌హాఫెన్ వాళ్లకే లొంగింది.

ఇక తక్‌పట్టీ చదువుదాం. ఫిబ్రవరిలోనే యాల్టాలో పోలెండుని స్టాలిన్‌కి కట్టబెట్టారు. జులైలో, లండనులోనే ఉన్న పోలెండు ప్రవాస ప్రభుత్వానికి గుర్తింపు పీకేశారు. 1946 జూన్ 8న లండనులో విజయోత్సవ కవాతు. మన సిపాయిలు నడిచారు. పోలెండు పదాతి, ట్యాంకు దళాలకి పిలుపే లేదు. వైమానికులని మాత్రం పిలిస్తే, మావాళ్లని పిలవనిదే మేమూ రామన్నారు. ఎవరి పేరు చెప్పి కొట్టు తెరిచారో వాడికే విందులో విస్తరి లేదు.

మనకేం మిగిలింది? 25 లక్షల మంది సిపాయిలు వెళ్తే 87 వేల మంది తిరిగి రాలేదు. సరుకూ సేవలూ వాడుకున్నందుకు లండను మనకి పడ్డ బాకీ సుమారు 130 కోట్ల పౌండ్లు. దాన్ని చీటీ మీద రాసి బ్యాంకులో పెట్టారు. చర్చిల్ గారైతే మిమ్మల్ని జపాను నుంచి కాపాడిన ఖర్చుకి మేమే ఎదురు లెక్క వేస్తామన్నారు. హమాలీ ఖర్చు రైతు మీదే వేసే కొట్టు మా ఊళ్లోనూ ఉంది గానీ, కాపాడిన ఖర్చు వేసే కొట్టు ఇంతవరకు చూడలేదు.

మాచెక్ పౌరసత్వాన్ని వార్సాలోని కమ్యూనిస్టు ప్రభుత్వం 1946లో రద్దు చేసింది. బ్రిటను సైన్యాధికారిగా లెక్కించక పింఛను ఇవ్వలేదు. ఒక డివిజన్ నడిపిన జనరలు ఎడిన్‌బరోలో, ఒకప్పుడు తన కింద పనిచేసినవాడి హోటలు బార్‌లో గ్లాసులు నింపాడు. 102 ఏళ్లు బతికి, 1994లో పోయాడు. బ్రిటనులో అతనికి రావాల్సిన సొమ్ము తరుగు లేకుండా, ఎప్పటికప్పుడు ముట్టింది ఆ బార్ కౌంటరు దగ్గర ఒక్కచోటే. గ్లాసుకింత అని.