క్రెడిట్ స్కోరు దొరవారికి ఉమ్మడి ఇంటివాళ్ల అర్జీ

మహారాజశ్రీ క్రెడిట్ స్కోరు దొరవారి సముఖానికి,

ఆదోని, ఎమ్మిగనూరు ఉమ్మడి ఇళ్లవాళ్లం దండం పెట్టి రాసుకుంటున్న అర్జీ. తమరు 300కు దిగరు, 900 దాటరు. ఆ నడుమ ఎక్కడ కొలువు తీరితే మా ఇంటి లోను గతి అంతే.

అన్నదమ్ములిద్దరి పేర్ల మీద ఇల్లు ఉందనుకోండి. అన్న ఆదోని పత్తి యార్డులో గుమాస్తా, తమ్ముడిది ఎమ్మిగనూరులో బట్టల అంగడి. ఇంటి మీద 15 లక్షల బాకీ. వడ్డీ తగ్గుతుందని వేరే బ్యాంకుకు టేకోవర్ అడిగారు. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోను ముందే తీర్చేస్తే జరిమానా వేయొద్దని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది కనుక పాత బ్యాంకుతో పేచీ లేదు. కొత్త బ్యాంకు గుమ్మంలో తమ దగ్గరి రిపోర్టు అడ్డం నిలబడింది.

పెళ్లిళ్ల సీజన్ సరుకు కోసం తమ్ముడు కార్డు గీకాడు. 2 లక్షలు నిలిచింది. నెలనెలా మినిమమ్ డ్యూ కట్టి గండం గడిచిందనుకున్నాడు. నూటికి మూడున్నర వడ్డీ అయితే నెలకు 7 వేలు వడ్డీకే పోతుంది, అసలు పెద్దగా తగ్గదు. కొత్త బ్యాంకు ఆ బాకీలో 5 శాతం, అంటే 10 వేలు, నెల కంతుగా రాసుకుంది. ఇంటి కంతు 14,800 కలిపితే 24,800. ఇద్దరి సంపాదన 45 వేలు; కంతులు సగం దాటాయని ఫైలు తిప్పి పంపింది. మా ప్రాంతంలో డబ్బు సీజన్లో వస్తుంది, బిల్లు మాత్రం నెలనెలా వస్తుందని తమకెవరు చెప్పాలి?

బ్యాంకు భయమూ న్యాయమే. ఒకడు కంతు ఎగ్గొడితే సగం గోడను వేలం వేయలేరు. కలిసి బాధ్యత మోయడం మాకూ కొత్త కాదు. 1938లోనే మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. అయితే సంఘంలో సభ్యుడికి లెక్క అడిగే హక్కుంది. తమ దర్బారులో అన్న తన రిపోర్టు నాలుగు క్రెడిట్ సమాచార సంస్థల దగ్గరా ఏడాదికోసారి ఉచితంగా చూసుకోవచ్చు, తమ్ముడిది చూడలేడు. ఫైలు తిరిగొచ్చాకే ఇంట్లో కార్డు సంగతి బయటపడుతుంది.

అందుకే మా కోరిక ఒక్కటే. ఇద్దరి పేర దరఖాస్తు తీసుకునే రోజే, ఇద్దరి సంతకంతో ఇద్దరి అప్పుల పట్టికా ఇద్దరి చేతికీ ఇప్పించండి. ఏ బాకీ అడ్డమో ముందే తెలిస్తే ముందే తీరుస్తాం. 2025 జనవరి నుంచి బ్యాంకులు అప్పుల లెక్కలు కనీసం పదిహేను రోజులకోసారి తమ చెవిన వేయాలి కాబట్టి, తీర్చిన మాట కూడా తొందరగానే చేరుతుంది. తక్కువకు సెటిల్‌మెంట్ చేసుకోమనేవాళ్ల మాట మాత్రం వినం; ఆ మచ్చ రిపోర్టులో ఏళ్లకేళ్లు ఉంటుంది.

ఇట్లు,
సగం ఇంటికి యజమానులం, మొత్తం అప్పుకు బాధ్యులం